రక్తం కోసం ఆఖరి గంటలో పరుగులా?

జిల్లాలో ఏ పెద్దాసుపత్రికి వెళ్లినా రక్తనిధి గుమ్మం దగ్గర ఒక దృశ్యం తప్పక కంటబడుతుంది. భుజాన తువ్వాలు, చేతిలో చీటీ పట్టుకుని దిక్కులు చూస్తూ నిలబడ్డ పల్లెటూరి మనిషి. లోపల వార్డులో అతని భార్యో, తల్లో, అక్కో ఉంటుంది. గర్భసంచిలో గడ్డ. తెల్లవారితే ఆపరేషన్. మూడు సీసాల రక్తం సిద్ధం చేసుకోమని డాక్టరు చీటీ రాసి ఇచ్చారు. వెంట వచ్చిన బంధువులు నలుగురిలో ఇద్దరు టీ తాగివస్తామని వెళ్లి మళ్లీ కనిపించరు. మిగిలిన ఇద్దరిలో ఒకరికి వయసు మీరింది, ఇంకొకరికే రక్తం తక్కువ. ఆపరేషన్ వాయిదా పడుతుంది. కూలి పోయి, చార్జీలు పోయి, అందరూ ఇంటిదారి పడతారు. మళ్లీ వచ్చేనాటికి ఆమె ఒంట్లో ఉన్న ఆ కాస్త రక్తమూ ఇంకొంత తరిగిపోతుంది.

ఇందులో తప్పెవరిది? రక్తం అడిగిన డాక్టరుదా? దొరకని రక్తనిధిదా? జారుకున్న బంధువులదా? అందరిలోనూ కొంత ఉంది. అయితే అసలు తప్పు మరోచోట ఉంది. పొత్తికడుపులో గడ్డకు ఆపరేషన్ చేసేటప్పుడు పోయే రక్తాన్ని తగ్గించడమెలాగో వైద్యులకు తెలుసు. ఆ పద్ధతుల్లో చాలావరకు ఖరీదైనవి కూడా కావు. కాని ఆ పని ఆపరేషన్ బల్ల మీద మొదలుపెట్టేది కాదు. రెండు మూడు నెలల ముందు, ఊళ్లోనే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మొదలుకావాలి. ఆ పని ఎవరూ మొదలుపెట్టకపోవడమే శోచనీయం.

పొత్తికడుపులోనే ఇంత రక్తం ఎందుకు పోతుంది?

గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం ఇంచుమించు బొడ్డు దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఒక్కో పాయ మళ్లీ రెండవుతుంది. బయటి పాయ కాలికి పోతే, లోపలి పాయ గర్భసంచికి, మూత్రాశయానికి, తుంటి ఎముకలకు రక్తం ఇస్తుంది. కుడి ఎడమ పాయలకు మధ్య కూడా చిన్నచిన్న కాలువలు ఉంటాయి. ఒకవైపు మూసినా రెండోవైపు నుంచి రక్తం వచ్చిచేరుతూనే ఉంటుంది. పైగా ఆ భాగం లోతైన గిన్నెలా ఎముకల నడుమ ఇరుకుగా ఉంటుంది. చెయ్యి పట్టదు, కన్ను ఆనదు. సిరల గోడలు పలచన. గడ్డ పెరిగిన కొద్దీ తన పోషణకు కొత్త రక్తనాళాలను లాక్కుంటుంది. అందువల్లనే ఇక్కడ గడ్డ తీయడం చేతిమీద కంతి కోసినంత తేలిక కాదు.

50 కిలోల బరువున్న ఆడమనిషి ఒంట్లో ఉండే రక్తం సుమారు మూడుంపావు లీటర్లు. అందులో లీటరు పోతే ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. అదైనా ఆ రక్తం చిక్కగా ఉన్నప్పటి లెక్క. మన పల్లెల్లో ఉన్న పరిస్థితి వేరు. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది. అంటే సగానికి పైగా ఆడవాళ్లు ఆపరేషన్ మాట ఎత్తకముందే లోటులో ఉన్నారన్నమాట.

గర్భసంచి గడ్డ ఉన్న మనిషి సంగతి మరీ దారుణం. నెలనెలా పది రోజులు రక్తం పోతుంటుంది. గడ్డలు గడ్డలుగా పడుతుంది. ఆ మాట భర్తతో చెప్పదు, అత్తతో చెప్పదు. నాట్లకు, కలుపుకు పోతూనే ఉంటుంది. మెట్టెక్కితే ఆయాసం, నిలబడితే కళ్లు తిరగడం. 'ఎండదెబ్బ' అనుకుని గ్లూకోజు ఎక్కించుకుంటుంది. ఏడాదో రెండేళ్లో గడిచాక పట్నానికి తీసుకువెళితే హిమోగ్లోబిన్ ఆరో, ఏడో అని తేలుతుంది. గర్భవతి కాని స్త్రీకి ఉండవలసింది కనీసం 12. అప్పుడు మూడు సీసాలు తెమ్మనక డాక్టరు మాత్రం ఏం చేస్తాడు? ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటే ఇదే.

ముందుగా చేయవలసింది

ఒక్క సీసా రక్తం ఎక్కిస్తే హిమోగ్లోబిన్ పెరిగేది ఇంచుమించు ఒక్క గ్రాము. అదే ఇనుము మాత్రలు సక్రమంగా వేసుకుంటే రెండు మూడు నెలల్లో అంతకు రెండింతలో మూడింతలో పెరుగుతుంది. పైసా ఖర్చు ఉండదు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు. ఈ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. కేంద్రం 2018లో రక్తహీనత నిర్మూలనకు ప్రత్యేక కార్యక్రమమే చేపట్టింది. కాని ఇచ్చిన మాత్రలు ఎన్ని ఇళ్లలో గూట్లో మగ్గుతున్నాయో, ఎన్ని పెంటకుప్పల్లో తేలుతున్నాయో ఆశా కార్యకర్తలను అడిగితే చెబుతారు. కడుపులో తిప్పుతుందని, విరేచనం నల్లగా అవుతుందని మానేస్తున్నారు. నల్లగా కావడం ఇనుము వల్లనే తప్ప జబ్బు కాదని చెప్పేవారు లేరు. టీతో, పాలతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదని, నిమ్మరసంతోనో జామపండుతోనో వేసుకుంటే బాగా పడుతుందని చెప్పేవారూ తక్కువే. తోటకూర, మునగాకు, రాగులు, కార్జం మంచివే. అయితే హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయిన మనిషిని తిండి ఒక్కటే నిలబెట్టలేదు.

మాత్రలు పడనివారికి, వ్యవధి లేనివారికి ఇనుమును నరం ద్వారా సెలైన్‌లో కలిపి ఎక్కించే మందులు ఉన్నాయి. రెండు మూడు వారాల్లోనే ఫలితం కనిపిస్తుంది. కేన్సర్ అనుమానం ఉన్న గడ్డకు రక్తం పెరిగేదాకా నెలల తరబడి ఆగడం ప్రమాదం. అలాంటివారికి ఈ పద్ధతి బాగా ఉపయోగపడుతుంది. గడ్డ ఎలాంటిదో పరీక్షలు చేసి తేల్చవలసింది డాక్టరే. 'మాత్రలు మింగుతున్నాం గదా' అని స్కానింగు మానుకోవడం తప్పు.

కేన్సర్ కాని గర్భసంచి గడ్డలకు మరో ఉపాయం ఉంది. లూప్రొలైడ్ వంటి ఇంజెక్షన్లు ఆపరేషన్‌కు ముందు మూడు నెలలు ఇస్తే ముట్టు ఆగుతుంది, గడ్డ కుంచించుకుపోతుంది. ఆగిన రక్తం ఒంట్లోనే నిలుస్తుంది. ఇనుము మాత్రలు కూడా తోడైతే ఆపరేషన్ నాటికి హిమోగ్లోబిన్ పెరుగుతుంది, గడ్డ చిన్నదైనందువల్ల కోత తగ్గుతుంది, రక్తస్రావమూ తగ్గుతుంది.

గుండెజబ్బుకు ఆస్పిరిన్ వంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు, నొప్పుల మాత్రలు తరచు మింగేవారు, నాటువైద్యం చేయించుకుంటున్నవారు ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకూడదు. వాటిని సొంతంగా మానడమూ ప్రమాదమే. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో డాక్టరు చెప్పాలి.

తూము మూసి కాలువ తవ్వినట్లు

కాలువ మరమ్మతు చేయాలంటే రైతు ముందు ఎగువన తూము మూస్తాడు. పారే నీటిలో దిగి గండి పూడ్చబోడు. శస్త్రవైద్యులు చేసేదీ అదే. 1890 దశకంలోనే అమెరికాలోని బాల్టిమోర్‌లో హోవర్డ్ కెల్లీ అనే వైద్యుడు పొత్తికడుపు లోపలి పాయకు దారంతో ముడివేసి రక్తస్రావాన్ని అదుపు చేశాడు. ఆ ముడి రక్తాన్ని పూర్తిగా ఆపదు. పక్క కాలువల నుంచి కొంత వస్తుంది. కాని వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే డాక్టరుకు పోతున్న చోటు కనిపిస్తుంది, పట్టు దొరుకుతుంది. 1920 దశకంలో ఇంగ్లండులో విక్టర్ బానీ అనే శస్త్రవైద్యుడు గర్భసంచిని తీసేయకుండా గడ్డను మాత్రమే తీసేటప్పుడు రక్తనాళాలను ఒత్తిపట్టే ప్రత్యేకమైన పట్టకారు తయారు చేశాడు. ఇవాళ అదే పనిని గర్భసంచి మెడ చుట్టూ బిగించిన ఒక మామూలు రబ్బరు గొట్టంతో చేస్తున్నారు. వాసోప్రెసిన్ అనే మందును గడ్డ చుట్టూ సూదితో ఎక్కిస్తే రక్తనాళాలు ముడుచుకుంటాయి. వీటికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు.

ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జపాన్‌కు చెందిన ఒకమోటో దంపతులు 1962లో దీన్ని లోకానికి తెలిపారు. గాయం మీద ఏర్పడ్డ రక్తపు గడ్డ త్వరగా కరిగిపోకుండా ఇది కాపాడుతుంది. కెనడా వైద్యుల ఆధ్వర్యాన 9,535 మంది రోగులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. వీరంతా గుండెకు కాక ఇతర భాగాలకు ఆపరేషన్ చేయించుకున్నవారే. ఈ మందు ఇచ్చినవారిలో నూటికి 9.1 మందికి, ఇవ్వనివారిలో 11.7 మందికి తీవ్రమైన రక్తస్రావం జరిగింది. తేడా కొద్దిగా కనిపించినా ఎన్ని సీసాలు మిగులుతాయో లెక్క వేసుకోవచ్చు. ఇది అంత ఖరీదైన మందు కాదు. అయితే కాళ్లలోనో, ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి ఇది చేటు చేయవచ్చు. మందులషాపులో అడిగి కొని మింగే మాత్ర కాదు.

పారిస్ నగరంలో జరిగిన ఒక ముచ్చట కూడా ఉంది. అక్కడ రావినా అనే వైద్యుడు, ఆయన సహచరులు గర్భసంచి గడ్డల ఆపరేషన్‌లో రక్తం తక్కువ పోవాలని ఆపరేషన్‌కు ముందే తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి, గర్భసంచికి వెళ్లే రక్తనాళాలను చిన్నచిన్న పూసలవంటి పదార్థంతో మూయడం మొదలుపెట్టారు. తీరా చూస్తే కొందరికి రక్తస్రావం ఆగిపోయి, గడ్డ కుంచించుకుపోయి, ఇక ఆపరేషన్ అక్కర్లేకుండా పోయింది. 1995లో వారు ఆ సంగతి ప్రకటించారు. రక్తం పొదుపుచేయబోతే ఆపరేషనే తప్పిందన్నమాట. ఇప్పుడది ప్రపంచమంతటా ఒక చికిత్సగా నిలిచింది. మన నగరాల్లోనూ చేస్తున్నారు.

తుంటి ఎముకలో, వెన్ను అడుగున ఉండే ఎముకలో గడ్డ పుడితే పని మరీ కష్టం. ఎముకకు ముడివేయడం కుదరదు. కోసినచోటల్లా రక్తం ఊరుతుంది. లీటర్ల కొద్దీ పోవచ్చు. అలాంటివారికి ఆపరేషన్‌కు ముందురోజో, అదే రోజో గడ్డ రక్తనాళాలను మూస్తారు. కొన్నిచోట్ల పెద్ద రక్తనాళంలోకి చిన్న బుడగ ఉన్న గొట్టం పంపి, గడ్డ తీసే సమయంలో ఆ బుడగను ఉబ్బించి రక్తాన్ని తాత్కాలికంగా ఆపుతారు. ఎక్కువసేపు ఆపితే కాళ్లకు, లోపలి అవయవాలకు రక్తం అందదు కనుక గడియారం చూసుకుంటూ చేయవలసిన పని ఇది. ఎముకల డాక్టరు, మత్తు డాక్టరు, రక్తనాళాల డాక్టరు ముగ్గురూ కలిస్తేనే సాధ్యం. ఇటువంటి గడ్డను చిన్న పట్నంలో ఒంటిచేతి మీద కోయబూనడం, అదుపు తప్పాక రోగిని అంబులెన్సులో నగరానికి తరలించడం ఎంతమాత్రం తగదు. స్కానింగులో తేలిన రోజునే పంపాలి.

ఇవికాక పైకి చిన్నగా కనిపించే జాగ్రత్తలు ఉన్నాయి. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. కనుక ఆపరేషన్ సమయంలో రోగిని వెచ్చగా ఉంచాలి. కుదిరినచోట నడుముకు మత్తు ఇస్తే రక్తపు ఒత్తిడి తగ్గి స్రావం తగ్గుతుంది. కుదిరినచోట పెద్ద కోత బదులు చిన్న రంధ్రాల ద్వారా చేసినా రక్తం తక్కువ పోతుంది. పోయిన రక్తాన్నే పోగుచేసి, కడిగి, తిరిగి ఎక్కించే యంత్రాలు పెద్ద ఆస్పత్రుల్లో ఉంటాయి. కేన్సర్ గడ్డలకు మాత్రం వాటిని ఆచితూచి వాడతారు.

అక్కర్లేని కోత, అక్కర్లేని సీసా

రక్తం పొదుపుచేసే అన్ని పద్ధతుల్లోకీ గొప్పది అక్కర్లేని ఆపరేషన్ చేయించుకోకపోవడం. గర్భసంచిలో చిన్న గడ్డ ఉన్నంత మాత్రాన కోయనక్కర్లేదు. బాధ లేకపోతే చూస్తూ ఉండవచ్చు. ముట్లుడిగాక చాలా గడ్డలు వాటంతటవే తగ్గుతాయి. 'పిల్లలు పుట్టారు గదా, ఇంకా ఆ సంచి ఎందుకు' అనే మాట మన పల్లెల్లో వాడుక అయిపోయింది. ముప్పై ఏళ్లకే గర్భసంచి తీయించుకుని నడుంనొప్పులతో, ఎముకల బలహీనతతో మూలుగుతున్నవారు ఊరికి నలుగురు కనిపిస్తారు. అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్లపై 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుపరచాలని రాష్ట్రాలను ఆదేశించింది. కోర్టు చెప్పిందాకా ఆగవలసిన విషయమా ఇది?

అలాగే 'బలానికి ఒక సీసా ఎక్కించండి డాక్టరుగారూ' అని అడగడం కూడా మానుకోవాలి. రక్తస్రావం ఆగి, రోగి కుదురుగా ఉంటే హిమోగ్లోబిన్ ఏడుకు పైగా ఉన్న చాలామందికి రక్తం ఎక్కించనక్కర్లేదు. గుండెజబ్బు ఉన్నవారి లెక్క వేరు. దానం చేసిన ప్రతి సీసాను హెచ్‌ఐవి, రెండు రకాల కామెర్లు, సవాయి, మలేరియాలకు పరీక్షించిన తర్వాతే ఇస్తారు. అయినా పరాయి రక్తం పరాయి రక్తమే. చలి, దద్దుర్లు, అరుదుగా ప్రాణాపాయం కూడా ఉంటాయి.

అయితే ఎంత పొదుపు చేసినా కొందరికి రక్తం తప్పదు. అందుకు ఊరే సిద్ధంగా ఉండాలి. డబ్బు తీసుకుని రక్తం అమ్ముకోవడం సుప్రీంకోర్టు ఆదేశంతో 1998 జనవరి 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. కనుక దాతలే దిక్కు. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, 45 కిలోలకు తగ్గని బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకొకసారి, ఆడవారు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. తీసేది 350 మిల్లీలీటర్లు, అంటే ఒంట్లో ఉన్నదానిలో ఇంచుమించు పదో వంతు. ఒకటి రెండు రోజుల్లో ద్రవం, కొద్ది వారాల్లో కణాలు తిరిగి నిండుతాయి. నాగలి పట్టలేమని, గడ్డపార ఎత్తలేమని భయపడడం వట్టి అపోహ.

ఎవరు ఏం చేయాలి?

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ముట్టు ఎక్కువగా అవుతోందని వచ్చిన స్త్రీకి ఆ రోజే హిమోగ్లోబిన్ పరీక్ష చేయాలి. గ్లూకోజు సీసా ఎక్కించి పంపడం మొక్కుబడి వైద్యం. ఆపరేషన్ తేదీ రాసే డాక్టరు ఆ చీటీ మీదనే నేటి హిమోగ్లోబిన్ ఎంత, ఆపరేషన్ నాటికి ఎంత కావాలి, అందుకు ఏం వాడాలి అన్న మూడు మాటలూ రాయాలి. ఇనుము ఇంజెక్షను, ట్రానెక్సామిక్ మందు, గర్భసంచి మెడకు బిగించే రబ్బరు గొట్టం వంటివి ఏరియా ఆస్పత్రుల్లో నిండుకోకుండా జిల్లా వైద్యాధికారులు చూడాలి. రక్తం నిల్వచేసే వసతి లేని ఏరియా ఆస్పత్రికి ఆ వసతి కల్పించాలి. రక్తం సీసా కోసం రోగి బంధువు జిల్లా కేంద్రానికి బస్సెక్కవలసిన దుస్థితి పోవాలి. ఆపరేషన్ ఖర్చు భరించే పథకాలకు ప్రభుత్వాలు ఏటా కోట్లు వెచ్చిస్తున్నాయి. ఆ ఆపరేషన్‌కు ముందు మూడు నెలలు మాత్రలు మింగించే మనిషిని కూడా చూపించాలి.

ఇక గ్రామస్థులు చేయవలసింది. పంచాయతీ కార్యాలయం గోడమీద రక్తదాతల పేర్లు, గ్రూపులు రాసిపెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. యువజన సంఘాలు, మహిళా సంఘాలు తలచుకుంటే ఒక్క ఆదివారం పని. ఇంట్లో ఆడమనిషి పాలిపోయి ఆయాసపడుతుంటే ఎండదెబ్బ అని సరిపెట్టకుండా అడిగి తెలుసుకోవడం మగవారి బాధ్యత. ఆమె చెప్పుకోవడానికి సిగ్గుపడవచ్చు. అడగడానికి భర్త సిగ్గుపడకూడదు.

డాక్టరును నాలుగు ప్రశ్నలు అడిగే హక్కు ప్రతి రోగికీ ఉంది. ఈ గడ్డకు ఆపరేషన్ తప్పదా? ఎంత రక్తం పోవచ్చు? తగ్గించడానికి ఏం చేస్తారు? అది ఇక్కడ సాధ్యమా, పెద్దాసుపత్రికి వెళ్లాలా? ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పడం డాక్టరు ధర్మం. పొలంలో నీరు చాలనప్పుడు ఎక్కడ బొట్టు వృథా అవుతోందో వెతికే రైతుకు పొదుపు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ చూపు ఇంటి ఆడవాళ్ల ఒంటిలోని రక్తం మీదకు కూడా మళ్లితే, రక్తనిధి గుమ్మం దగ్గర ఆఖరి గంట పరుగులు చాలావరకు తప్పుతాయి.